పక్క కడ్డీ చేసిన చప్పుడు

ప్రశ్న అడిగినవాళ్ల చేతికి ఏదో ఒక వస్తువు అందించడం మోనప్పాచారికి అలవాటు. మాయ అంటే ఏమిటి సామీ అన్నవాడికి వెల్డింగ్ నల్లద్దాలు ఇచ్చి, పెట్టుకుని కాసేపు లోకం చూడమనేవాడు. మనసు నిలవడం లేదని వచ్చినవాడికి ఆకురాయి ఇచ్చి, ఆ మూలనున్న కత్తికి తుప్పు వదిలేదాకా రుద్దమనేవాడు. వాళ్లకు జవాబు దొరికిందో లేదో గానీ సామి షాపులో పని మాత్రం సాగిపోతోందని గిట్టనివాళ్లు నవ్వుకునేవారు. అందులో కొంత నిజం లేకపోలేదని ఆయనే ఒప్పుకునేవాడు.

అనంతపురం దిక్కున, చీనీ, అంటే బత్తాయి తోటల నడుమ, తారు రోడ్డు మలుపులో ఉండేది ఆ షాపు. తాత నాటి కొలిమి చల్లారి చాలా ఏళ్లయింది. దాని చోట వెల్డింగ్ మిషను వచ్చింది. పగలు ఇనుము అతికేవాడు, శనివారం సాయంత్రం అదే రేకుల కింద కూర్చుని అచలబోధ చెప్పేవాడు. ఆయన దగ్గర ఉపదేశం పుచ్చుకున్నవాళ్లంతా సంసారులే, ఎండన పడి పనిచేసుకునేవాళ్లే. వచ్చినవాళ్లు చెప్పులు బయట విడవాలి, "శరణు సామీ" అని వంగి దండం పెట్టాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి. అది అక్కడి ఆచారం.

ఒక మంగళవారం పొద్దున ఆయన శిష్యురాలు మారెక్క ఆ ఆచారాన్ని తుంగలో తొక్కింది. రైతుల సంఘం వాళ్ల చిన్న ట్రాక్టర్‌ను షాపు ముందు ఆపి, వెనక దున్నే గొర్రు ఊగకుండా కట్టిన తాడైనా విప్పకుండా, చెప్పులతోనే లోపలికొచ్చి నిలబడింది. చేతిలో విరిగిన ఇనుప కడ్డీ ఉంది. దండం లేదు, శరణు లేదు.

"సామీ, కోపం మింగమని మీరు చెప్తిరి. నాలుగు నెలల్నుంచి మింగుతాండా. ఇంకా ఎంత మింగల్ల? అదొక్కటి చెప్పండి, పోతా."

మోనప్పాచారి అలవాటుగా బల్ల మీదికి చేయి చాచాడు, ఆమెకు ఇవ్వదగింది ఏదైనా దొరుకుతుందేమోనని. సుత్తి తగిలింది, వదిలేశాడు. ఆకురాయి తగిలింది, దాన్నీ వదిలేశాడు. చివరికి ఆమె చేతిలో ఉన్న కడ్డీనే అడిగి తీసుకుని, కిటికీ వెలుతురులో పెట్టి చూడడం మొదలుపెట్టాడు.

ఆ కడ్డీ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆమె ఒళ్లు ఎందుకంత మండిందో తెలియదు. ట్రాక్టర్ వెనక రెండు ఇనుప చేతులుంటాయి. గొర్రును ఎత్తేవీ దించేవీ అవే. ఆ చేతులు అటూ ఇటూ ఊగిపోకుండా చెరో పక్కన ఒక కడ్డీ పట్టి ఉంచుతుంది. కంపెనీ పుస్తకంలో దాని పేరు స్టెబిలైజర్. తోటల్లో అందరూ పక్క కడ్డీ అంటారు. నడుమ ఉన్న గొట్టాన్ని ఒక వైపు తిప్పితే కడ్డీ పొట్టిదై బిగుస్తుంది, రెండో వైపు తిప్పితే పొడవై వదులవుతుంది. దానికున్న పని అంతే. కానీ అది లేకుండా చెట్ల వరుసల్లోకి పోతే గొర్రు ఊగి చెట్టు మొదలు చెక్కేస్తుంది.

పెద్ద ట్రాక్టర్ చీనీ చెట్ల మధ్య దూరదని సంఘం వాళ్లు ఈ చిన్నదాన్ని తెచ్చారు. తెచ్చిన కొత్తలో మగవాళ్లెవరూ దాని మీద ఎక్కలేదు. బొమ్మ ట్రాక్టరని, పిల్లకాయలు తోలేదని ఎగతాళి చేశారు. ఎవరూ రాకపోతే మారెక్క ముందుకొచ్చి నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి కొమ్మ తగలకుండా, వేరు తెగకుండా సేద్యం చేస్తుందని నాలుగూళ్ల తోటలవాళ్లు ఆమె కోసం వంతు కాచుకునే దాకా వచ్చింది. అప్పుడు మాత్రం అందరి కన్నూ ఆ బొమ్మ మీద పడింది. ఇన్నాళ్లూ ఏ మూలన దాక్కున్నారయ్యా మీరంతా అని అడిగినవాడు ఒక్కడూ లేడు.

పక్క కడ్డీ మొదటిసారి విరిగింది నాలుగు నెలల కిందట, ఈరన్న తోటలో. వాన ముంచుకొస్తోందన్న తొందరలో, వరుస చివర గొర్రును పైకి ఎత్తకుండానే మారెక్క బండి మలుపు తిప్పింది. గొర్రు కర్రులు మట్టిలో పాతుకుని ఉన్నాయి, బండి పక్కకు లాగింది, కడ్డీ ఫట్టుమంది. చూసినవాళ్లెవరూ లేరు. రాయి తగిలిందంటే సరిపోయేది. ఆమె ఆ మాట అనలేదు. నేరుగా సంఘం షెడ్డుకు వచ్చి, అందరి ముందూ, "తప్పు నాదేనన్నా, ఎత్తకుండా తిప్పినా" అని చెప్పేసింది. ఆ రోజు మొదలు కర్రులు నేలలో ఉండగా ఆమె మళ్లీ మలుపు తిప్పింది లేదు.

ఆ ఒక్క నిజమే ఆమె మెడకు చుట్టుకుంది.

సంఘం కార్యదర్శి తిప్పేస్వామి. చెడ్డవాడని ఎవరూ అనరు. షెడ్డు అద్దంలా పెట్టుకుంటాడు, పొద్దున్నే అందరికన్నా ముందు వస్తాడు. ఒకసారి గొర్రు ఊగి తన తోటలోనే రెండు చెట్లకు బెరడు ఊడిందని, అప్పట్నుంచి రోజూ పక్క కడ్డీలు తనే బిగిస్తాడు. గొట్టానికి మూరెడు ఇనుప రాడ్డు దోపి, దవడలు బిగించి, ఇక తిరగనంటే తిరగననే దాకా తిప్పుతాడు. పేరుకు తగ్గవాడే మరి! మారెక్కను మాత్రం స్పానర్ ముట్టుకోనివ్వడు. ఆడమనిషికి బిగింపు తెలియదట.

ఆ తర్వాత కడ్డీ రెండోసారి విరిగింది, మూడోసారి విరిగింది. రెండుసార్లూ షెడ్డు ముందరే, ఆమె బండి స్టార్ట్ చేసి గొర్రును పైకి ఎత్తుతుండగానే విరిగింది. ఎత్తితే విరిగిందన్నా అని మొత్తుకుంది. "ఆ పొద్దు నువ్వే ఒప్పుకుంటివి కదమ్మా" అన్నాడు తిప్పేస్వామి. నిన్న తోటలో మళ్లీ ఎత్తకుండా తిప్పింటావు, అక్కడ బీటలిచ్చి ఇక్కడ విరిగింటుంది, అంతే అని తేల్చేశాడు. ఒకసారి నోరు తెరిచి నిజం చెప్పినందుకు ఇక ఆమె ఏం చెప్పినా అబద్ధమేనన్నమాట. ఒప్పుకోనివాడికి అనుమానం లాభం, ఒప్పుకున్నదానికి జన్మంతా నింద. ఇదెక్కడి న్యాయమో ఆ షెడ్డులో కూర్చున్న పెద్దమనుషులకే తెలియాలి.

ఒకరోజు ఆమె, "అన్నా, పైకి ఎత్తుతాంటే కిర్రుకిర్రుమంటాంది, ఒకసారి చూడు" అంది. తిప్పేస్వామి తలైనా తిప్పలేదు. "నువ్వు గొణుగుతాండావే, అట్లనే అదీ గొణుగుతాంది. తోలుకో పో" అన్నాడు. షెడ్డులో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఆ శనివారమే ఆమె బోధకు వచ్చి, లోపల నిప్పు రగులుతోంది సామీ అని మొదలుపెట్టబోతే, మోనప్పాచారి చేయెత్తి ఆపాడు. "ఓర్చుకో తల్లీ. కోపాన్ని మింగినవాళ్లకే బోధ అరుగుతుంది" అన్నాడు. గురువు మాట గదా. మింగింది.

ఇవాళ పొద్దున నాలుగోసారి విరిగింది. మళ్లీ షెడ్డు ముందే, మళ్లీ ఎత్తేటప్పుడే. తిప్పేస్వామి ఈసారి కేకలు కూడా వేయలేదు. కడ్డీ అతికించుకుని రా, మధ్యాహ్నం సంఘంలో అందరి ముందూ క్షమాపణ చెప్పు, తాళం చెవి మా బావమరిదికి ఇచ్చెయ్, అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడట. ఆ మర్యాదకే ఆమె కడ్డీ ఊడదీసుకుని, గొర్రును తాడుతో కట్టి, నేరుగా ఇక్కడికి వచ్చేసింది.

మోనప్పాచారి ఇదంతా విన్నాడు. కడ్డీని వెలుతురులో రెండుసార్లు తిప్పి చూశాడు.

"ఎత్తేటప్పుడు విరిగిందంటివే, బండి కదిలిందా?"

"అడుగు కదల్లేదు సామీ."

"అంతకు ముందు రెండుసార్లు?"

"అప్పుడూ అంతే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడిగితిరా?" అంది మారెక్క. "విరిగింది సామీ అంటే అతికిస్తిరి. మండుతాంది సామీ అంటే ఓర్చుకోమంటిరి. ఎప్పుడు విరిగింది, ఎందుకు మండుతాంది అని ఒక్కసారన్నా అడిగితిరా మీరు?"

గురువును పట్టుకుని ఏ శిష్యురాలూ అలా అనదు. మోనప్పాచారి లేచి మిషను ఆన్ చేశాడు. కడ్డీని నాలుగోసారి అతికాడు. ఎప్పటికన్నా శ్రద్ధగా, రెండు పక్కలా ఇనుప పట్టీ వేసి అతికి, చల్లారనిచ్చి, తాడు విప్పి గొర్రును నేలకు దించి, ట్రాక్టర్‌కు తగిలించాడు. ఇంతేనా, మళ్లీ అతుకేనా అనుకుని మారెక్క రోడ్డు వైపు తిరిగి నిలబడింది. ఇక ఈ రేకుల కిందికి రాకూడదని కూడా ఆమె మనసులో అనుకుంది.

అంతలో మోటార్ సైకిల్ ఆగింది. తిప్పేస్వామి దిగాడు, వెనక నుంచి బావమరిది దిగాడు. వచ్చీ రాగానే తిప్పేస్వామి ట్రాక్టర్ నుంచి తాళం చెవి లాగి జేబులో వేసుకున్నాడు. మధ్యాహ్నం దాకా ఆగే ఓపిక కూడా లేకపోయింది మహానుభావుడికి.

"మంచి సమయానికి వస్తివి తిప్పేస్వామీ," అన్నాడు మోనప్పాచారి. "బిగింపు నీకు తెలిసినట్లు ఎవరికీ తెలీదంటారు. రోజూ ఎట్ల బిగిస్తావో అట్లే బిగించు, చూస్తాం."

తిప్పేస్వామికి ఆ మాట ఇంపుగానే తోచింది. గొర్రు నేల మీద ఆనుకుని ఉంది. గొట్టానికి రాడ్డు దోపి, అటు పక్కా ఇటు పక్కా తిరగనంత దాకా తిప్పి, మళ్లీ వదులు కాకుండా లాక్ నట్టు వేసి, కాలితో గొర్రును తన్ని చూపించాడు. వెంట్రుకవాసి కదల్లేదు. "చూడు సామీ, ఇట్లుండల్ల" అన్నాడు.

"బాగుంది. ఇప్పుడు నువ్వే స్టార్ట్ చేసి, నువ్వే పైకి ఎత్తు. బండిని మాత్రం కదిలించొద్దు."

తిప్పేస్వామి సీటెక్కాడు. తాళం తిప్పి, ఎత్తే మీటను వెనక్కి లాగాడు. గొర్రు లేచింది. జానెడు లేచేదాకా చప్పుడు లేదు. మోకాలెత్తుకు వచ్చేసరికి కిర్రుమంది.

"అదిగో," అంది మారెక్క.

"ఆగు తిప్పేస్వామీ," అన్నాడు మోనప్పాచారి చేయెత్తి.

"ఏమవుతుంది సామీ, బండి అన్నాక చప్పుడు చేయదా?" అంటూ తిప్పేస్వామి మీటను చివరిదాకా లాగేశాడు. కిర్రుమన్నది కీచుమంది, ఆ వెంటనే ఠప్పుమంది. కడ్డీ ముక్క ఎగిరి షాపు రేకుకు తగిలి కింద పడింది. గొర్రు ఒక పక్కకు ఒరిగి ఊగుతూ ఉండిపోయింది. బండి చక్రాలు అడుగు కాదు, అంగుళం కూడా కదల్లేదు. మలుపు లేదు, మట్టి లేదు, మారెక్క ఆ సీటు మీద లేనే లేదు.

ముందుగా తేరుకున్నది తిప్పేస్వామే. ఏమన్నాడో చూడండి: "అతుకు సరిగా పడలేదు సామీ!"

నాలుగు నెలలు ఒక మనిషిని నిలబెట్టి కడిగేసినవాడికి, తన చేతిలో విరిగేసరికి, ఆ క్షణంలోనే ఇంకొకడి తప్పు దొరికింది. మారెక్క పళ్లు పటపటలాడాయి. మోనప్పాచారి మాత్రం వంగి ముక్క తీసుకుని అతని ముందు పట్టాడు. అతుకు చెక్కుచెదరలేదు. విరిగింది దానికి అంగుళం అవతల.

"అతుకు ఊడలేదప్పా. అయినా తప్పులో నా వంతు ఉంది, కాదనను. నేను అతికేకొద్దీ ఆ చోటు గట్టిపడింది, దాని పక్క పెళుసైంది. నాలుగుసార్లు ఇనుము వేస్తిని గానీ, ఎప్పుడు విరిగిందని ఒక్కసారి అడగకపోతిని." ఆ మాట అంటూ ఆయన మారెక్క వైపు చూశాడు. తర్వాత ఇనుప చేతిని చూపించాడు. "ఇది నేల మీదున్నప్పుడు నువ్వు కొలత పెడ్తాండావు. అక్కడ సరిపోతుంది. బరువెత్తుకుని పైకి లేచేకొద్దీ ఈ కడ్డీ ఇంకొంచెం పొడవు అడుగుతుంది. నువ్వు ఇయ్యలేదు. ఇయ్యకుంటే అదేం చేస్తుంది?"

తిప్పేస్వామి సీటు మీది నుంచే వెనక్కి తిరిగాడు. తను వేసిన నట్టు వైపు చూశాడు.

మోనప్పాచారి అటక మీద నుంచి కొత్త కడ్డీ ఒకటి దించాడు. పాతదాన్ని ఇక అతకనన్నాడు. కొత్తది తగిలించి, స్పానర్ తీసి మారెక్క చేతికిచ్చాడు. ఈసారి గొర్రును ముందు తిప్పేస్వామి చేత పైదాకా ఎత్తించాడు. పైన ఉండగా, రాడ్డు లేకుండా ఉత్త చేత్తోనే ఆమెను గొట్టం తిప్పమన్నాడు. కడ్డీ పట్టుకున్నట్టు తెలియగానే ఆగి, అక్కడి నుంచి ఒక చుట్టు వెనక్కి తిప్పి, లాక్ నట్టు వేయమన్నాడు. మారెక్క వేసింది. గొర్రును ఐదుసార్లు దించి, ఐదుసార్లు ఎత్తారు. కిర్రు లేదు, కీచు లేదు.

"ఇప్పుడు నేల మీద రెండు వేళ్ల మందం ఊగుతాంది," అన్నాడు తిప్పేస్వామి, వదల్లేక. "చెట్టుకు తగిలితే?"

"చెట్ల మధ్య తోలేది నేను గదన్నా. రెండు వేళ్ల మందం నేను చూసుకోలేనా?" అంది మారెక్క.

ఎగిరి పడిన ముక్క రేకుకు చేసిన సొట్టను బావమరిది అప్పటికి మూడుసార్లు చూశాడు. "నాకీ బండి వద్దులే బావా" అని మెల్లగా మోటార్ సైకిల్ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

మారెక్క సీటు పక్కకు వచ్చి చేయి చాచింది. తిప్పేస్వామి దిగి, తాళం చెవి తీసి, ఆమె అరచేతిలో పెట్టబోతూ ఆగాడు. పెద్దరికం ఇంకా పూర్తిగా పోలేదు కాబోలు. "సరేలే, ఈసారికి పోనీ. మధ్యాహ్నం క్షమాపణ కూడా వద్దు. నేను చూసుకుంటా" అన్నాడు.

ఈసారికి పోనీ! చేయని తప్పుకు క్షమాభిక్ష! నాలుగు నెలలుగా మింగినదంతా ఆ ఒక్క మాటతో గొంతులోకి వచ్చేసింది.

"ఏందన్నా పోనీ? ఎవరికి పోనీ?" అంది మారెక్క. రోడ్డు మీద పోతున్న ఆటో ఆగింది. అంత గట్టిగా అంది. "మొదటిసారి విరిగింది నా వల్ల. ఆ పొద్దూ చెప్పినా, ఈ పొద్దూ చెప్తా, అది నాదే. తర్వాత మూడుసార్లు విరిగింది నీ బిగింపుకు. ఇప్పుడు విరిగింది నీ చేతిలోనే. నలుగురిలో నన్నంటివి, నలుగురిలో నవ్విస్తివి. మధ్యాహ్నం వస్తా. క్షమాపణ నేను చెప్పడానికి కాదు, నువ్వు చెప్తే వినడానికి. ఆ మూడూ మారెక్కవి కావు, నావి అని అందరి ముందూ నీ నోటితో చెప్పు. చెప్పేదాకా ఈ బండి షెడ్డు దాటదు, నేనూ దాటను. తాళం ఇటివ్వు!"

తిప్పేస్వామి తాళం చెవి ఇచ్చేశాడు. చెవులు కూడా ఎర్రబడ్డాయి. చుట్టూ చూశాడు, ఆటోలోవాళ్లు చూస్తున్నారు, బావమరిది చూడనట్టు నటిస్తున్నాడు. దిక్కు తోచక మోనప్పాచారి వైపు తిరిగాడు.

"చూడండి సామీ, మీ శిష్యురాలు రోడ్డు మీద నిలబడి ఎట్ల అరుస్తాందో! ఉపదేశం తీసుకున్న మనిషి అరిచే అరుపేనా ఇది? మీరు నేర్పించేది ఇదేనా?"

అడిగింది ప్రశ్న. మోనప్పాచారి అలవాటు తప్పలేదు. విరిగిన కడ్డీ ముక్కను తుడిచి, తిప్పేస్వామి చేయి పట్టుకుని, దాన్ని అతని చేతిలో పెట్టాడు.

"విరిగే ముందు ఇది కూడా ఇట్లే అరిచింది తిప్పేస్వామీ. నువ్వూ వినలేదు, నేనూ వినలేదు."